పాల ట్యాంకరు డ్యూటీ: వారానికో షిఫ్టు మారుతుంటే నిద్ర సంగతి ఏమిటి?

కొత్తవలస_డ్రైవర్
చాలా ఏళ్లు లారీ నడిపి ఇప్పుడు పాల ట్యాంకరుకు వచ్చాను. విశాఖ చుట్టుపక్కల పల్లెల్లోని శీతల కేంద్రాల నుంచి నగరంలోని డెయిరీకి పాలు చేర్చే పని. మూడు షిఫ్టులు. ఎ షిఫ్టు ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 2, బి షిఫ్టు 2 నుంచి రాత్రి 10, సి షిఫ్టు 10 నుంచి తెల్లవారి 6. ఒక వారం సి, తరువాతి వారం బి, ఆ తరువాత ఎ, మళ్లీ సి. నైట్‌కు ఒళ్లు కాస్త అలవాటు పడిందనుకునేలోగా షిఫ్టు మారిపోతుంది. పగలు పడుకుంటే నిద్ర పట్టదు. పట్టకూడని చోట మాత్రం, సబ్బవరం దాటాక తిన్నగా ఉన్న రోడ్డు మీద, కళ్లు మూతలు పడతాయి.

దీనికన్నా నన్ను ఎక్కువ బాధపెడుతున్నది డెయిరీలో పాలు దింపే డాక్ దగ్గర ఎదురుచూడటం. బండి గేటు లోపలికి వచ్చాక లైనులో గంటల తరబడి ఉంటాం. ఆ సమయాన్ని డ్యూటీగా రాయరు. కేబిన్‌లో పడుకునే ఉన్నావు కదా అంటారు. ముందు బండి కదిలినప్పుడల్లా నేనూ జరపాలి, పాల శాంపిల్‌కు పిలిస్తే దిగాలి. దాన్ని విశ్రాంతి అని ఎలా అంటారు?

అడిగేది రెండు. షిఫ్టు మారేటప్పుడు మీరు నిద్ర ఎలా సర్దుకుంటున్నారు? ఈ ఎదురుచూపు డ్యూటీ కిందికి వస్తుందా, రాదా?

హైవే_16
రెండో ప్రశ్నకు నా జవాబు: వస్తుంది. తాళం చెవి నీ చేతిలో ఉన్నంతసేపూ డ్యూటీయే.

మాడుగుల_మావయ్య
సబ్బవరం దగ్గర నిద్ర వస్తోందంటే అనకాపల్లి–ఆనందపురం కొత్త రోడ్డు మీదే కదా. పాత రోడ్డులో గోతులు మేలుకొలిపేవి. ఆరు వరుసల రోడ్డు వేసి మమ్మల్ని జోకొడుతున్నారు.

కూర్మన్నపాలెం_పెద్దాయన
ప్లాంటులో ముప్పై ఏళ్లకు పైగా ఎ, బి, సి షిఫ్టులు చేసి దిగినవాణ్ని. తమ్ముడూ, మీ రోస్టర్‌లో (డ్యూటీల పట్టికలో) అసలు లోపం నువ్వు రాసిన వరుసలోనే కనబడుతోంది. సి తరువాత బి, బి తరువాత ఎ అంటున్నావు. అంటే గడియారం వెనక్కి తిరుగుతోంది. ప్రతి మార్పుకూ నువ్వు ముందటి వారం కన్నా ముందుగా పడుకుని ముందుగా లేవాలి. అది మనిషికి చాలా కష్టం. పడుకునే సమయాన్ని ఒక గంట ఆలస్యం చేయడం తేలిక, ముందుకు లాగడం కష్టం. అందుకే ఎ తరువాత బి, బి తరువాత సి ఉండాలి. మూడు షిఫ్టులూ అవే, మనుషులూ వాళ్లే. వరుస మారితే చాలు, సగం బరువు దిగుతుంది.

చోడవరం_చిన్నా
పెద్దాయనా, మీరు చెప్పినది నిజంగా అంత తేడా చేస్తుందా? ఎటు తిరిగినా వారానికోసారి మారడమేగా?

సీతమ్మధార_సిస్టర్
చేస్తుంది. ఆసుపత్రిలో నైట్ డ్యూటీలు చేస్తున్నదాన్ని, ఒంటి మీద తెలుసుకున్న విషయం. మన శరీరంలోని గడియారం దానంతట అది వదిలేస్తే 24 గంటల కన్నా కాస్త నెమ్మదిగా నడుస్తుంది. అందుకే ఆలస్యంగా పడుకోవడం దానికి తేలిక. ఈ గడియారం కణాల్లో ఎలా పనిచేస్తుందో కనిపెట్టినందుకే 2017లో ముగ్గురు శాస్త్రవేత్తలకు నోబెల్ ఇచ్చారు. మనిషి మెలకువ అన్నిటికన్నా అడుగుకు పడిపోయేది తెల్లవారుజామున 2 నుంచి 5 మధ్య. పాల బండ్లు నిండుగా రోడ్డు మీద ఉండేది కూడా అప్పుడే.

ఇంకొకటి. 1997లో ఆస్ట్రేలియాలో ఒక పరిశోధన చేశారు. వరుసగా 17 గంటలు మేలుకుని ఉన్న మనిషి కంటికీ చేతికీ ఉండే పొందిక రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడితో సమానంగా పడిపోయింది. మన మోటారు వాహనాల చట్టంలో పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతం. ఊదే యంత్రం పెట్టి పట్టుకునే స్థాయిని దాటిన మత్తు అది. తాగినవాడిని పోలీసు ఆపుతాడు. నిద్రలేనివాడిని ఎవరూ ఆపరు.

హైవే_16
సిస్టర్ రాసిన చివరి రెండు వాక్యాలు ప్రతి డెయిరీ గేటు మీద పెయింటుతో రాయించాలి.

రోస్టర్_రావు
నేను వేరే సంస్థలో రవాణా విభాగం చూస్తాను. రోస్టర్ వేసేవాళ్లను అందరూ రాక్షసుల్లా చూస్తున్నారు కాబట్టి మా వైపు కూడా వినండి.

పాల గడియారం మన చేతిలో లేదు. గేదెను పితికేది తెల్లవారుజామున, సాయంత్రం. ఉదయం సేకరణ పూర్తయి, కేంద్రంలో పాలు నాలుగు డిగ్రీల దగ్గరకు చల్లబడి, ట్యాంకరులోకి ఎక్కేసరికి పొద్దు బాగా ఎక్కుతుంది. సాయంత్రం పాలు చల్లబడేసరికి రాత్రి తొమ్మిదీ పదీ అవుతుంది. ఆ పాలు రాత్రే రావాలి. లేకపోతే మరునాటి ఉదయం పాలు పోయడానికి కేంద్రంలో కూలర్ ఖాళీగా ఉండదు. అందుకే నైట్ షిఫ్టు తీసేయమంటే కుదరదు.

ఇక మార్చడం గురించి. మా దగ్గర ఒకప్పుడు మార్పు లేదు. సీనియర్లు ఉదయం షిఫ్టు పట్టుకుని వదిలేవారు కాదు, కొత్తవాళ్లు ఏళ్ల తరబడి నైట్‌లోనే ఉండేవారు. అది అన్యాయమని డ్రైవర్లే గొడవపడితే అందరికీ సమానంగా ఉండాలని మార్పు పెట్టాం.

కొత్తవలస_డ్రైవర్
రావు గారూ, నైట్ తీసేయమని నేను అడగలేదు. పాలు రాత్రి రావాలని నాకూ తెలుసు, తెస్తున్నది నేనే. అడిగేది వరుస గురించి, డాక్ దగ్గర పోయే గంటల గురించి.

పెందుర్తి_పద్మ
మా ఆయన పాల ట్యాంకరు డ్రైవర్. ఆయన ఇక్కడ రాయరు కాబట్టి నేను రాస్తున్నాను. నైట్ వారంలో మా ఇంట్లో పగటి పూట గట్టిగా మాట్లాడం. కుక్కర్ పెట్టను, ఉదయమే వండేస్తాను. అబ్బాయి స్కూలు నుంచి వచ్చి చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికి వస్తాడు, వాడికి ఎవరూ నేర్పలేదు. అయినా వీధిలో ఉల్లిపాయల బండి మైకు వస్తుంది, కరెంటు పోతుంది, వైశాఖంలో ఆ ఉక్కకు ఫ్యాను లేకుండా ఎవరు పడుకోగలరు? మూడు నాలుగు గంటలు పడుకుంటే గొప్ప.

నన్ను బాగా మండించే సంగతి వేరే ఉంది. శనివారం రాత్రి డ్యూటీ ఎక్కి ఆదివారం ఉదయం దిగుతారు. ఆ ఆదివారాన్నే వీక్లీ ఆఫ్ అని రాస్తారు. దిగి వచ్చి పడుకునే రోజు సెలవు ఎలా అవుతుంది? సాయంత్రం లేచేసరికి రోజు అయిపోతుంది. సోమవారం మధ్యాహ్నం మళ్లీ బండి. పిల్లవాడిని బీచ్‌కు తీసుకెళ్లి ఎన్నాళ్లయిందో అడగండి.

సీతమ్మధార_సిస్టర్
పద్మ గారూ, ఇది మా దగ్గర కూడా పెద్ద పోరాటం. నైట్ దిగిన రోజును నైట్ ఆఫ్ అంటాం, అది సెలవు లెక్కలోకి రాదు. వీక్లీ ఆఫ్ దాని తరువాత రోజు. మీ వాళ్లు కూడా ఇదే అడగాలి.

రోస్టర్_రావు
పద్మ గారు చెప్పింది సరైన మాట. మా దగ్గర కూడా కొన్నిసార్లు అలా పడుతోంది. దీన్ని నేను సమర్థించను.

శ్రమచట్టం
అందరూ న్యాయం గురించి మాట్లాడుతున్నారు, నేను సెక్షన్లు చెబుతాను. 2025 నవంబరు దాకా నడిచిన 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం సరుకు బండ్లకు కూడా వర్తించేది, ఐదుగురు లేదా అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే చోట. దాని ప్రకారం:

13వ సెక్షన్: రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు. దూర మార్గాలకు, పండుగ రోజులకు షరతులతో 10 గంటల దాకా.
15వ సెక్షన్: ఐదు గంటల పని అయ్యేలోగా కనీసం అరగంట విరామం. ఒక రోజు డ్యూటీ దిగాక మరునాడు ఎక్కేలోగా వరుసగా కనీసం 9 గంటల విశ్రాంతి.
16వ సెక్షన్: విరామాలతో కలిపి ఎక్కినప్పటి నుంచి దిగేదాకా 12 గంటలు దాటకూడదు.
26వ సెక్షన్: అదనపు పనికి రెట్టింపు వేతనం.

ఇప్పుడు కొత్తవలస సోదరుడి రోస్టర్ చూడండి. బి షిఫ్టు రాత్రి 10కి దిగి మరునాడు ఉదయం 6కు ఎ ఎక్కితే మధ్యలో 8 గంటలే. ఆఫ్ మధ్యలో పడితే సరే, ఆఫ్ రద్దు చేసిన వారం ఆ చట్టం లెక్కన తప్పే. పెద్దాయన చెప్పిన వరుసలో ఈ చిక్కే రాదు. ఎ మధ్యాహ్నం దిగితే బి మరునాడు మధ్యాహ్నం, ఇరవై నాలుగు గంటల వ్యవధి ఉంటుంది.

చోడవరం_చిన్నా
మరి ఎదురుచూపు?

శ్రమచట్టం
అక్కడే ఉంది చిక్కు, నిజాయితీగా చెబుతున్నాను. ఆ చట్టంలో పని గంటలంటే యజమాని చెప్పినట్టు అందుబాటులో ఉన్న సమయం. బండి నడిపిన సమయం, అనుబంధ పని అందులోకి వస్తాయి. లోడింగ్, అన్‌లోడింగ్, రిజిస్టర్లలో సంతకాలు, ట్రిప్ షీట్ అప్పగింత, బండి సంరక్షణ ఇవన్నీ అనుబంధ పనులే. కానీ ఊరికే హాజరై ఉండే సమయం గురించి వేరే మాట ఉంది: టెర్మినల్ దగ్గర 15 నిమిషాల లోపు ఉన్నది పని గంటల్లో కలుస్తుందని రాశారు. యాజమాన్యం ఈ ముక్క పట్టుకుని, పదిహేను నిమిషాలు దాటినది పని కాదని వాదిస్తుంది. మనం చెప్పవలసింది ఏమిటంటే, లైనులో బండి జరుపుతూ, శాంపిల్‌కు మూత తీస్తూ ఉన్నవాడు ఊరికే హాజరై లేడు, పనిలో ఉన్నాడు. ఆ వాదన ఎవరు ఒప్పుకోకపోయినా ఆ చట్టంలో 12 గంటల గీత మాత్రం ఉంది. దానికి ఎదురుచూపూ, విశ్రాంతీ అన్నీ లెక్కే.

2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్ (2020లో చేసినది) ఈ పాత చట్టాన్ని తనలో కలుపుకుంది. రోజుకు 8 గంటలన్నది అందులోనూ ఉంది.

హైవే_16
పదిహేను నిమిషాలట! డాక్ దగ్గర పదిహేను నిమిషాల్లో మా క్లీనర్ బకెట్ కూడా దింపడు.

ల్యాబ్_లలిత
డాక్ పక్కనే ఉండే ప్రయోగశాలలో పనిచేస్తాను. ఎదురుచూపు మా వల్లనే అన్నట్టు ఉంది కాబట్టి లోపల ఏమి జరుగుతుందో చెబుతాను.

బండి రాగానే ముందు సీళ్ల నంబర్లు ట్రిప్ షీట్‌తో సరిచూడాలి. తరువాత ట్యాంకులో పాలు కలపాలి. నిలబడి ఉన్న బండిలో మీగడ పైకి తేలుతుంది, కలపకుండా పైనుంచి శాంపిల్ తీస్తే ఫ్యాట్ ఎక్కువ చూపిస్తుంది, డబ్బు లెక్క తప్పుతుంది. తరువాత వాసన, ఉష్ణోగ్రత, ఫ్యాట్, ఎస్ఎన్ఎఫ్ (కొవ్వు కాక పాలలో ఉండే ఘనపదార్థం), పులుపు, మరిగిస్తే విరుగుతుందా లేదా, ఆపైన యూరియా, ఉప్పు, చక్కెర, పిండి, సోడా కలిపారా అన్నవి. ప్రతి కంపార్టుమెంటుకూ విడిగా చేయాలి. ఇవి పూర్తికాకుండా పంపు వేయనివ్వం. ఒక చెడ్డ కంపార్టుమెంటు పాలు నిల్వ చేసే పెద్ద సైలోలో కలిసిందంటే మొత్తం పాలు పోయినట్టే. ఒక్క బండికి అరగంట, ముప్పావుగంట పడుతుంది, అది తగ్గదు.

ఆలస్యం అసలు ఎక్కడ వస్తుందంటే, బండ్లన్నీ ఒకేసారి రావడం దగ్గర. రాత్రి ఒంటిగంటకు ఒక్క బండీ ఉండదు. మూడింటికి లైను రోడ్డు దాకా వస్తుంది.

రోస్టర్_రావు
లలిత గారు అసలు వేరు పట్టుకున్నారు. రూట్ల సమయాలు ఎప్పుడో రాసినవి. అప్పుడు అనకాపల్లి వైపు బండి నగరంలోంచి తిరిగి వచ్చేది, ఇప్పుడు కొత్త రోడ్డు మీద ముందే వచ్చేస్తోంది. సమయాలు మాత్రం ఎవరూ సవరించలేదు.

బిఎంసి_భాస్కర్
మా శీతల కేంద్రం (బిఎంసి) దగ్గర కూడా అదే కథ. ట్యాంకరు ముందే వచ్చి నిలబడుతుంది. పాలు ఆరు డిగ్రీల దగ్గర ఉంటాయి, ఇంకా చల్లబడాలి. డ్రైవరు తొందరపెడతాడు. వెచ్చని పాలు ఎక్కిస్తే దారిలో మరింత వేడెక్కుతాయి. ట్యాంకుకు రెండు స్టీలు గోడలు, మధ్యలో వేడిని ఆపే నురుగు (పఫ్) ఉంటుంది గాని చల్లబరిచే యంత్రం ఉండదు కదా. ఎక్కించినప్పుడు ఎంత చల్లగా ఉంటే అంతే. సోదరులారా, ఆ సమయంలో మాతో గొడవపడకుండా నడుము వాల్చండి, మా వరండాలో మంచం వేసి ఉంచాను.

మాడుగుల_మావయ్య
భాస్కర్ గారి కేంద్రం ఏ రూటులో ఉందో చెబితే నేను రేపే బదిలీ అడుగుతాను. మా కేంద్రంలో మంచం లేదు గాని హల్వా ఉంది.

బిఎంసి_భాస్కర్
హల్వా తెచ్చినవారికి దిండు కూడా ఇస్తాను.

తగరపువలస_తాత
పాల బండి నడిపి రిటైర్ అయ్యాను. నిద్ర గురించి నాకు తెలిసింది చెబుతాను. నైట్ వారం మొదటి రోజు మధ్యాహ్నం భోజనం తరువాత తప్పక రెండు గంటలు పడుకోవాలి. ఉదయం నుంచి మేలుకుని ఉండి అలాగే రాత్రి బండి ఎక్కకూడదు. సిస్టర్ చెప్పిన పదిహేడు గంటలు అక్కడే దాటిపోతాయి. దారిలో కళ్లు మండితే కిటికీ తీయడం, పాటలు పెట్టడం, మొహం కడుక్కోవడం ఇవన్నీ అయిదు నిమిషాల మందులు. బండి రోడ్డు పక్కన దాబా దగ్గర ఆపి ఇరవై నిమిషాలు పడుకోవాలి. పాలు ఇరవై నిమిషాలకు విరిగిపోవు.

హుద్‌హుద్ వచ్చినప్పుడు (2014 అక్టోబరు 12, ఆదివారం) ఎక్కడి చెట్లు అక్కడ పడిపోయాయి, కరెంటు రోజుల తరబడి లేదు, ఊళ్లో పాల ప్యాకెట్ కోసం జనం బారులు తీరారు. అప్పుడు మాకు షిఫ్టు అనేదే లేదు. చెట్టు కొట్టిన కొద్దీ బండి ముందుకు పోవడమే. ఆ వారం ఎవరూ గంటలు లెక్కపెట్టలేదు, పెట్టకూడదు కూడా. పిల్లలకు పాలు కావాలి. కానీ తుపాను నాడు చేసిన పనిని మామూలు రోజుల్లో కూడా చేయమనడమే తప్పు. అప్పుడు చేశారుగా అని చాలాసార్లు నాతో అన్నారు.

కూర్మన్నపాలెం_పెద్దాయన
తాతా, చివరి మాట బంగారం. ఆపద నాటి శ్రమను అలవాటుగా మార్చేస్తారు.

సీతమ్మధార_సిస్టర్
తాతగారి ఇరవై నిమిషాల మాటకు ఒక చిన్న జోడింపు. నిద్ర నుంచి లేవగానే స్టీరింగ్ పట్టకండి. లేచాక పది పదిహేను నిమిషాలు మెదడు మబ్బుగానే ఉంటుంది. దిగి బండి చుట్టూ నడవండి, టైర్లు చూడండి, అప్పుడు బయలుదేరండి. టీ తాగాలనుకుంటే పడుకునే ముందు తాగండి, లేచేసరికి పనిచేస్తుంది. అయితే తెల్లవారుజామున నాలుగు తరువాత టీ వద్దు. తాగినదాంట్లో సగం కెఫీన్ ఐదారు గంటల తరువాత కూడా ఒంట్లోనే ఉంటుంది. ఇంటికెళ్లాక నిద్ర రాకపోవడానికి అదొక కారణం. ఉదయం దిగి వచ్చేటప్పుడు నల్ల కళ్లద్దాలు పెట్టుకోండి, ఎండ కళ్లలో పడితే ఒళ్లు తెల్లవారిందని నమ్మేస్తుంది. పడకగది కిటికీకి ముదురు రంగు దుప్పటి కట్టండి.

పెందుర్తి_పద్మ
దుప్పటి ఈరోజే కడతాను. నాలుగింటి టీ సంగతి మా ఆయనకు చదివి వినిపించాను. ఆనందపురం కూడలిలో టీ లేకుండా తెల్లవారదట.

చోడవరం_చిన్నా
నాకు ఈ మధ్యనే హెవీ లైసెన్సు వచ్చింది. ట్యాంకరుకు రమ్మంటున్నారు. ఇదంతా చదివాక భయంగా ఉంది. వెళ్లాలా, వద్దా?

హైవే_16
రా తమ్ముడూ. లారీ మీద వారాల తరబడి ఇంటి మొహం చూడకుండా తిరిగినవాణ్ని చెబుతున్నాను, పాల బండిలో ఏ షిఫ్టు అయినా రోజుకు ఒకసారి ఇంటికి వెళ్తావు. కానీ బండి తీరు నేర్చుకో. పది వేల లీటర్ల పాలంటే పది టన్నులకు పైమాటే, నీటి కన్నా పాలు కాస్త బరువు. నిండు ట్యాంకు మంచిది, ఖాళీ ట్యాంకు మంచిది, సగం ట్యాంకే ప్రమాదం. బ్రేకు వేస్తే లోపలి పాలు ముందుకు వచ్చి గుద్దుతాయి. మలుపులో ఒక పక్కకు ఒరుగుతాయి. నూనె ట్యాంకర్లలో ఉన్నన్ని అడ్డు పలకలు వీటిలో ఉండవు, కడగడం కష్టమని. అందుకే సగం లోడు ఉంటే రెండు కంపార్టుమెంట్లలో సగం సగం కాకుండా ఒకటి నిండా పోయించుకో. హనుమంతవాక మలుపులో నా మాట గుర్తుకు వస్తుంది.

ల్యాబ్_లలిత
చిన్నా, ఇంకో మాట. ఖాళీ ట్యాంకును పంపుతో కాస్టిక్ సోడా, వేడి నీళ్లు తిప్పి కడుగుతారు. ఎవరైనా తొందరలో, లోపలికి దిగి చేత్తో రుద్దేయమంటే దిగవద్దు. మూసిన ట్యాంకులో గాలి చాలదు, కాస్టిక్ ఆవిరి ఉంటుంది. ఒకడు పడిపోతే రక్షించడానికి దిగినవాడు కూడా పడిపోతాడు. ఎంత పెద్దవాళ్లు చెప్పినా దిగవద్దు.

తగరపువలస_తాత
లలితమ్మ చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. చిన్నా, దీన్ని రాసుకుని లైసెన్సు కవర్లో పెట్టుకో.

రోస్టర్_రావు
నిన్నటి నుంచి ఆలోచిస్తున్నాను. ఎ–బి–సి వరుసకు మార్చడానికి నాకు అదనంగా ఒక్క మనిషి కూడా అవసరం లేదు. మారే వారంలో మాత్రం ఒకరిద్దరు రిలీవర్లు (బదులు డ్రైవర్లు) కావాలి. వచ్చే నెల నుంచి మా షెడ్డులో మార్చి చూస్తాను. నైట్ దిగిన రోజును ఆఫ్‌గా రాయడం కూడా ఆపిస్తాను. కానీ దీనివల్ల ఒకరికి అదనపు రోజు ఇవ్వాలి, పైవాళ్లు ఒప్పుకోవాలి. లైను గురించి నేనొక్కణ్ని చేయగలిగింది తక్కువ, డాక్ నా చేతిలో లేదు.

శ్రమచట్టం
రావు గారూ, డాక్ మీ చేతిలో లేకపోయినా ట్రిప్ షీట్ మీ చేతిలో ఉంది. అందులో నాలుగు గడులు పెట్టండి: గేటు లోపలికి వచ్చిన సమయం, శాంపిల్ తీసిన సమయం, పంపు మొదలైన సమయం, గేటు దాటిన సమయం. డ్రైవరు రాయాలి, గేటు దగ్గరివాళ్లు సంతకం చేయాలి. రెండు నెలల షీట్లు చేతిలో ఉంటే ఎవరూ కేబిన్‌లో పడుకున్నావు కదా అనలేరు. ఆలస్యం ఏ గంటలో వస్తోందో కూడా తెలుస్తుంది, లలిత గారికీ పనికొస్తుంది.

ల్యాబ్_లలిత
తప్పకుండా పనికొస్తుంది. మూడింటికి రెండో శాంపిల్ మనిషి కావాలని నేను అడుగుతూనే ఉన్నాను, ఆధారం ఏదీ అంటారు.

హైవే_16
నాకు ఒక అనుమానం. గడులు పెడితే డ్రైవర్ల మీదే తిప్పికొట్టరు కదా? దారిలో ఇరవై నిమిషాలు ఎందుకు ఆగావని?

రోస్టర్_రావు
బండికి జీపీఎస్ ఉంది, ఆగింది ఇప్పుడు కూడా తెలుస్తోంది. నా వరకు రాత్రి రూటుకు ఇరవై నిమిషాల విరామం సమయంలోనే కలిపి రాస్తాను. అప్పుడు ఎవరూ అడగరు.

మాడుగుల_మావయ్య
రావు గారూ, సింహాచలం గిరి ప్రదక్షిణ నాడు కూడా అదనపు సమయం రాయండి. ముప్పై రెండు కిలోమీటర్లు జనం నడుస్తుంటే హనుమంతవాక వైపు బండి పోదు. ఆనందపురం, పెందుర్తి మీదుగా తిప్పుతారు. ప్రతి ఆషాఢంలోనూ మాకు ఆలస్యం, ప్రతి ఆషాఢంలోనూ మెమో.

రోస్టర్_రావు
ఆ తేదీ క్యాలెండర్‌లో ముందే ఉంటుంది కదా. సిరిమానోత్సవం నాడు విజయనగరం రూటుకు కూడా రాస్తాను.

కొత్తవలస_డ్రైవర్
చాలా రోజులకు వచ్చాను, ఏమి జరిగిందో చెప్పాలి కదా. ఇక్కడ రాసినవన్నీ కాగితం మీద పెట్టి డ్రైవర్లందరం సంతకాలు చేసి మా మేనేజర్‌కు ఇచ్చాం. సెక్షన్ల నంబర్లు చూశాక మాట్లాడే తీరు మారింది. వరుస మార్చారు, ఇప్పుడు ఎ తరువాత బి, ఆ తరువాత సి. పెద్దాయనా, మీరన్నది నిజమే. బి నుంచి సికి వెళ్లేటప్పుడు ఒళ్లు మునుపటిలా ఎదురు తిరగడం లేదు. పగటి నిద్ర మాత్రం ఇంకా తక్కువే.

ట్రిప్ షీట్‌లో నాలుగు గడులు అడిగితే రెండు పెట్టారు, గేటులోకి వచ్చింది, గేటు దాటింది. వాటిని డ్యూటీ గంటల్లో కలపడానికి ఒప్పుకోలేదు. నైట్ దిగిన రోజును ఆఫ్‌గా రాయడం కూడా ఆగలేదు.

శ్రమచట్టం
రెండు గడులు చాలు, మొదలుపెట్టండి. ఎక్కిన సమయం, గేటు దాటిన సమయం ఉంటే 12 గంటలు దాటిన రోజులు దొరికిపోతాయి. ప్రతి షీట్ ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. ఆఫ్ విషయం మాత్రం వదలకండి, హాజరు రిజిస్టర్ నకలు అడగండి. ఆ రెండూ చేతికి వచ్చాక కార్మిక శాఖ అధికారి దగ్గరకు నేను కూడా వస్తాను.

పెందుర్తి_పద్మ
ఆ కాగితం మీద మా ఆయన సంతకం కూడా ఉంది. రిజిస్టర్ నకలు అడిగేటప్పుడు ఆదివారాలు విడిగా చూపించమనండి. నా దగ్గర వంటింటి క్యాలెండర్ ఉంది, ఆయన ఎన్నింటికి దిగివచ్చారో ప్రతి రోజూ అందులో రాశాను. కావాలంటే ఫొటో తీసి పంపుతాను.

శ్రమచట్టం
కావాలి అమ్మా. జనవరి నుంచి ఉన్నవన్నీ పంపండి.